ఛాయాచిత్రము – మనస్సు చెప్పు మాట

లక్డీకాపూల్ అనగా ఉర్దూలో కొయ్యవంతెన యని యర్థము. ఆ కొయ్యవంతెన నేడు లేదు. పేరు మాత్రము నిలిచియున్నది. పోయినదానిని పేరు కొంత నిలుపును, ఛాయాచిత్రము మఱికొంత నిలుపును. అయితే ఏ క్షణమును నిలుపవలయునో మనకు చెప్పువారెవరు? ఈ విషయమునుగూర్చి మాకు తోచినది విద్యార్థులకొఱకు వ్రాయుచున్నాము.

కెమెరా వెలుతురును, దూరమును కొలువగలదు. ఎదుటివారి మొగమున మెఱసిన భావము విలువను మాత్రము కొలువజాలదు. ఆలోచన ముగియకమునుపే "ఇదే సమయము" అని మనస్సున మెదలు నెఱుకనే స్ఫురణ యందుము.

స్ఫురణ ఊరక పుట్టునది కాదు. 1844లో సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన లాలా దీనదయాళు, ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై 'రాజా' బిరుదము నందెను. ఆయన కాలమున చిత్రము గాజుపలకపై పడెడిది. పలకను పెట్టెలో నుంచిన పిమ్మట వెనుకనుండి దృశ్యము కనబడదు. ప్రక్కన నిలిచి మనుష్యులనే చూచుచు తగిన క్షణమును పట్టవలయును. ఫలితము చీకటిగదిలోగాని తెలియదు. అట్టి పనిలో అనుభవమే కన్నుగా మాఱును. ఫ్రాన్సు దేశీయుడగు ఆంరీ కార్తియే-బ్రెసో చిన్న లైకా కెమెరాతో తిరిగి, క్షణమును పట్టుటయందు లోకప్రసిద్ధుడయ్యెను. ఆయనయు మొదట చిత్రలేఖనము నభ్యసించినవాడే.

ఇక మా పొరపాటును చెప్పెదము. లక్డీకాపూల్ రైల్వేస్టేషనుకు పోవు త్రోవలో ఒక అవ్వ మల్లెపూలు అమ్ముచుండెడిది. "నా ఫోటో ఒకటి తియ్యి నాయనా, బిడ్డకు పంపుకుంటా" అని పలుమాఱు లడిగినది. ఒకనాటి సాయంకాలము గంప ఖాళీయైన పిదప, మిగిలిన మూరెడు దండను తానే తుఱుముకొని పకపక నవ్వినది. తీయుమని మనస్సు చెప్పెను. వెలుతురు చాలదని మేము సంశయించితిమి; మీటలు త్రిప్పుచుండగానే ఆమె గంప యెత్తుకొని కదలెను. "రేపు తీసెదములే, అవ్వా" అంటిమి. ఆ రేపు మఱునాటికి, ఆపై వారమునకు జరిగెను. పిదప నామె అచ్చట కనబడలేదు. చిత్రము మసకగా వచ్చినను, ఆ కూతురునకు అది చాలియుండెడిది.

కాబట్టి విద్యార్థులారా, యంత్రము పనిని ఇంటివద్దనే నేర్చుకొనుడు. సమయము వచ్చినప్పుడు చేయి తడబడరాదు. ఒకే చోట అరగంట నిలిచి, తీయకయే చూచుట అభ్యసింపుడు. మనస్సు చెప్పినంతనే మొదటి చిత్రమును తీయుడు. సవరణలు రెండవదానికి చేయవచ్చును. ఇంటికి వచ్చి రెంటిని పోల్చి చూడుడు. కొన్నిమాఱులు స్ఫురణయు తప్పును. ఆ తప్పులే దానికి గురువులు.

తొందర వేఱు, స్ఫురణ వేఱు. తొందర చిత్రమునే కోరును. స్ఫురణ ఎదుటివారిని చూచును. అందుచేతనే ఒక్కొక్కమాఱు "ఇప్పుడు వలదు, వీరు దుఃఖమున నున్నారు" అనియు మనస్సు చెప్పును. అప్పుడు కెమెరాను దింపుటయు ఈ విద్యలోనిదే.

మీ యింట అవ్వయో తాతయో యున్నయెడల, వెలుతురుకొఱకు వేచియుండకుడు.