ఊరిబావికి, బొగ్గుబాయికి మధ్య

గోదావరిఖని చుట్టుపక్కల ఊళ్లలో బావుల నీటిమట్టం కొలవడం నా పని. టేపు లోపలికి వదలగానే ఎవరో ఒకరు అడుగుతారు: "సారూ, మా నీళ్లను బొగ్గుబాయే గుంజుకుంటున్నదా?" న్యాయమైన ప్రశ్న. ఒక్క కొలతతో జవాబు చెప్పలేం.

ఇక్కడ బొగ్గు పొరల మధ్య, వాటిపైన ఇసుకరాయి ఉంది. దాని సందుల్లో నీళ్లు నిలుస్తాయి. గనిలోకి ఊరే నీటిని రాత్రింబవళ్లు తోడాల్సిందే. తోడినకొద్దీ చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది. అడ్రియాల లాంటి లాంగ్‌వాల్ గనుల్లో బొగ్గు తీసిన చోట పైకప్పును కూలనిస్తారు. ఆ పగుళ్లు పైనున్న నీటిపొరను తాకితే నీళ్లు కిందికి జారతాయి. మధ్యలో మందమైన బంకమట్టి పొర అడ్డుంటే ఊరిబావికి ఏమీ కాకపోవచ్చు కూడా.

అందుకే ఎండాకాలం చివర ఒకసారి, వానలయ్యాక ఒకసారి కొలుస్తాం. అదే రాతిలో, గనికి దూరంగా ఉన్న బావితో పోలుస్తాం. రెండూ కలిసి తగ్గితే వానలోటు కావచ్చు. గని పక్కదే తగ్గితే అనుమానం గని మీదికి పోతుంది. అప్పుడూ వరికి నడిచే బోర్లను లెక్కలో వేయాలి. బొగ్గులోని పైరైట్‌కు గాలి, నీరు తగిలితే సల్ఫేటు, ఇనుము పెరుగుతాయి కనుక నీటి పరీక్షా తప్పదు.

తవ్వకానికి ముందటి కొలతలు లేకపోతే రైతు తన నష్టాన్ని రుజువు చేయలేడు. గని రాకముందే ప్రతి బావినీ కొలిచి, ఆ అంకెలను పంచాయతీ గోడమీద రాయాలి. గని మూసి మోటార్లు ఆపాక నీరు మళ్లీ పైకొస్తుంది. ఆ ఏళ్లలోనూ కొలత ఆపకూడదు.