మిద్దెతోటకు వేపగింజల కషాయం

వేపగింజలోని అజాడిరక్టిన్ పురుగును అక్కడికక్కడే చంపదు. అది పడిన ఆకును పురుగు తినడానికి ఇష్టపడదు. తిన్నా, కుబుసం విడవడానికి కావలసిన హార్మోన్ల పని చెడి ఎదుగుదల ఆగిపోతుంది. మర్నాడు పురుగులు ఇంకా కనిపించాయని మందు పనిచేయలేదనుకోవడం తొందరపాటే.

జూన్, జులైలలో రాలే పండ్ల గుజ్జు కడిగేసి, గింజలను నీడన ఆరబెట్టి దాచుకోవాలి. బూజు పట్టినవి పనికిరావు. లీటరు నీటికి పెంకు తీసిన గింజల పప్పు 50 గ్రాములు లెక్క. పప్పును దంచి, పలుచటి గుడ్డలో మూటకట్టి, కొద్ది నీళ్లలో రాత్రంతా నానబెడతారు. పొద్దున ఆ మూటను తెల్లటి నీరు వచ్చినంతసేపూ పిండి, వడగట్టి, మిగతా నీళ్లు కలపాలి. చివర్లో కొంచెం సబ్బుపొడి. అది లేకపోతే కషాయం ఆకు మీద నిలవక జారిపోతుంది. వడపోత సరిగా లేకుంటే స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోవడం ఖాయం.

ఎండకు అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది కనుక సాయంత్రమే చల్లాలి. ఆకుల అడుగు తడవాలి. బెండ, వంగ మొక్కల మీద పేనుబంక, తెల్లదోమ ఉండేది అక్కడే. చేసిన కషాయం ఆ రోజే వాడేయాలి.

మందార కొమ్మలకు పట్టే పిండినల్లికి ఒంటి మీది మైనపు పూత రక్ష. దాని మీద ముందు సబ్బునీళ్లు కొట్టాలి. పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి చేసే ద్రావణం ఆకు తినే పురుగులను తరుముతుంది గానీ, గాఢత ఎక్కువైతే లేత ఆకులే మాడతాయి. ముందు ఒకటి రెండు ఆకుల మీద చల్లి ఒకరోజు చూడటం మేలు. కాయలోకి తొలుచుకుపోయిన పురుగుకు ఇవేవీ తగలవు. ఆ కాయను కోసి పారేయడమే.