చెవిలో పాట... వెనుక లారీ

నల్గొండ: మిర్యాలగూడ రోడ్డు మీద వెనుక నుంచి ధాన్యం లారీ హారన్ కొడుతూనే ఉంటుంది. ముందు మోటారు సైకిలు మీద పోయే కుర్రవాడు పక్కకు జరగడు, తల తిప్పడు. ‘ఎంత పొగరు’ అనుకుంటాడు లారీ డ్రైవరు. పొగరు కాదు, అతనికి వినపడలేదు. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అన్న సామెత జిల్లా రోడ్ల మీద ఇప్పుడు రోజూ కనిపిస్తోంది.

తెల్లవారుజామున పాల క్యాన్లు కట్టుకుని పోయేవారు, కాలేజీకి పోయే విద్యార్థులు, పట్నంలో పని ముగించుకుని పొద్దుపోయాక ఇంటికి మళ్లే కూలీలు... వయసుతో పని లేకుండా చాలామందికి ఇది అలవాటైపోయింది. మెడలో వేలాడేవి కొన్ని, తీగ లేకుండా గింజల్లా చెవిలో ఇమిడేవి కొన్ని. హెల్మెట్ పెట్టుకుంటే అవి ఉన్నట్టు పైకి తెలియదు కూడా.

వెనుక చూపు చెవిదే

కన్ను ముందున్నదాన్నే చూస్తుంది. వెనుక నుంచి వచ్చేదాన్ని, మలుపు అవతల ఉన్నదాన్ని ముందుగా పట్టేది చెవి. ఎడ్ల మెడలో గంటలు కట్టిన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ గంటలు అలంకారానికి మాత్రమే కాదు. చీకటి దారిలో బండి వస్తోందని ఎదుటివారికి చెప్పేవి అవే. సైకిలు గంట, బస్సు హారన్ చేసేదీ అదే పని.

మోటారు సైకిలుకు కంపెనీవారు రెండు అద్దాలు ఇస్తారు. అందం చెడుతుందని చాలామంది వాటిని విప్పి ఇంట్లో పడేస్తారు. అద్దాలు పోయాక వెనుక సంగతి చెప్పడానికి మిగిలింది చెవులే. వాటినీ మూసుకుంటే ఆ మనిషికి రోడ్డు సగమే ఉన్నట్టు.

పల్లె దారుల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. కోతల కాలంలో రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు. మిగిలిన సగంలోనే ట్రాక్టర్లు, కోత యంత్రాలు, బస్సులు పోవాలి. మలుపుల దగ్గర ఏపుగా పెరిగిన చేను అవతలి బండిని కనపడనివ్వదు. బర్రెల మంద ఎప్పుడు రోడ్డెక్కుతుందో, కుక్క ఎప్పుడు అడ్డం పడుతుందో తెలియదు. కాపరి వేసిన కేక చెవిన పడితేనే బ్రేకు మీద కాలు పడుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. మూడు సెకన్లు ఆలస్యంగా మేల్కొంటే దాదాపు 50 మీటర్లు దాటిపోయినట్టే.

కేక వినపడక...

చెవి మూసుకుంటే ఏమవుతుందో 2018 ఏప్రిల్ 26న దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర బడి పిల్లల వ్యానును రైలు ఢీకొంది. 13 మంది పిల్లలు చనిపోయారు. డ్రైవరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నట్టు ప్రాథమికంగా తెలిసిందని అధికారులు అప్పట్లో చెప్పారు. రైలు కూతకు మించిన హారన్ ఏముంటుంది? అది కూడా చెవికి ఎక్కకపోతే ఇక లారీ హారన్ లెక్కా?

పాటకన్నా ఫోన్‌లో మాటలు ఇంకా చేటు. పాట చెవిని మూస్తే మాట మనసును కూడా లాక్కుపోతుంది. ఫోన్ మాట్లాడుతూ బండి నడిపేవారికి ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేత్తో పట్టుకోకుండా మాట్లాడినా పెద్ద తేడా ఉండదని కూడా ఆ సంస్థ అంటోంది.

చెప్పే సాకులు

‘ఒక్క చెవిలోనే పెట్టుకుంటున్నాం’ అనేవారు ఉన్నారు. శబ్దం కుడి నుంచి వస్తోందా, ఎడమ నుంచా అని తేల్చుకోవడానికి రెండు చెవులూ కావాలి. ఒకటి మూస్తే హారన్ వినిపించినా అది ఏ వైపుదో తెలియదు. ‘హెల్మెట్ కూడా చెవులు మూస్తుంది కదా’ అని మరికొందరి వాదన. హెల్మెట్ శబ్దాన్ని కొంత తగ్గిస్తుందే తప్ప దాని మీద ఇంకో శబ్దం పోయదు. పైగా తలను కాపాడుతుంది. ఇయర్‌ఫోన్ కాపాడేది ఏమీ లేదు.

చెవికి మరో నష్టం కూడా ఉంది. గాలి హోరులో పాట వినపడక శబ్దం పెంచుతూ పోతారు. పెద్ద శబ్దానికి లోపలి చెవిలోని సన్నని కణాలు దెబ్బతింటాయి. అవి మళ్లీ పుట్టవు. వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, చేత్తో ఫోన్ పట్టుకుని వాడుతూ బండి నడపడం ప్రమాదకరంగా నడపడం కిందికే వస్తుంది. ఆ నేరానికి మొదటిసారి 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ‘ఇయర్‌ఫోన్ చేత్తో పట్టుకునేది కాదు కదా’ అని తప్పించుకోజూసేవారు ఉండవచ్చు. వెనుక వచ్చే లారీకి ఆ తేడా తెలియదు.

ఇంటివారి వంతు

తప్పంతా కుర్రవాళ్ల మీదే వేయడం కూడా సరికాదు. బండి మీద ఉన్నప్పుడు మోగే ఫోన్లలో చాలావరకు ఇంటి నుంచే వస్తాయి. ‘యాడున్నవ్, అన్నం చల్లారుతోంది’ అని తల్లి అడుగుతుంది. ‘వస్తూ మందు బస్తా పట్టుకురా’ అని తండ్రి చెబుతాడు. ఆ మాట అందుకోవడానికే చాలామంది చెవిలో దాన్ని పెట్టుకుని బయలుదేరుతున్నారు.

అందుకే ఫోన్ చేసిన వారు ముందుగా ‘బండి మీదున్నవా?’ అని అడగాలి. అవునంటే వెంటనే పెట్టేయాలి. బండి నడిపేవారు ఫోన్ మోగితే రోడ్డు దిగి, చెట్టు కింద ఆపి మాట్లాడాలి. దారి తెలియకపోతే ఆగి ఫోన్‌లో చూసుకుని మళ్లీ బయలుదేరాలి. విప్పిన అద్దాలు తిరిగి బిగించుకోవాలి. పాటలు ఇంటికి చేరాక అరుగు మీద కూర్చుని ఎన్నైనా వినవచ్చు. చల్లారిన అన్నం మళ్లీ వేడి చేసుకోవచ్చు.