పార్టీల్లేని పోలింగ్!

పార్టీలు లేవు. పార్టీ జెండాలూ లేవు. ఉన్నవల్లా ఎనిమిది నియోజకవర్గాలు, పదహారు సీట్లు. పసిఫిక్ మహాసముద్రంలోని తువాలు పార్లమెంటు ముచ్చట ఇది. తొమ్మిది దీవులూ కలిపినా 26 చదరపు కిలోమీటర్లే. జనాభా దాదాపు పదకొండు వేలు.

2024 జనవరి 26న జరిగిన ఎన్నికల్లో ఏకంగా ప్రధాని కౌసియా నటానోనే ఓడించారు ఓటర్లు. కొత్త ప్రధానిని ఎన్నుకోవాల్సింది గెలిచిన ఆ పదహారు మందే. కానీ మిగతా దీవుల సభ్యులు రాజధాని ఫునాఫుటి చేరాలంటే పడవే దిక్కు. వాతావరణం అనుకూలించక ఆ ప్రయాణం ఆలస్యమైంది. చివరికి ఫిబ్రవరి 26న ఫెలెటి టియో ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

ఇంత బుల్లి దేశంలో ఎవరు గెలుస్తారోనని పెద్ద దేశాలూ ఎదురుచూశాయి. తైవాన్‌ను గుర్తించిన కొద్ది దేశాల్లో తువాలు ఒకటి. పోలింగ్‌కు పదకొండు రోజుల ముందే నౌరు తైవాన్‌ను కాదని చైనా వైపు వెళ్లిపోయింది. టియో సర్కారు మాత్రం తైవాన్‌తోనే ఉంటానంది.

తువాలు ప్రజల బెంగ వేరు... ఏటికేడు పెరుగుతున్న సముద్రమట్టం! ఆస్ట్రేలియాతో 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏడాదికి 280 మంది అక్కడికెళ్లి స్థిరపడొచ్చు. కొత్త ప్రభుత్వం దాన్ని కొనసాగించింది. 2025లో తొలి లాటరీకి కుటుంబసభ్యులతో కలిపి 8,750 మంది పేర్లిచ్చారు. అంటే, దేశంలో ప్రతి నలుగురిలో ముగ్గురికి పైనే!