మేమిచ్చటివారమేనా?



పూర్వము దూరదేశమునకు పోయిన బిడ్డ క్షేమము తెలియుటకు తల్లి తపాలావాని దారి కాచుచుండెడిది. ఇప్పుడా నిరీక్షణ లేదు. రాత్రి తొమ్మిది గంటలకు వంటయిల్లు సర్దుకొని, చేతిఫోనును గోడకానించి కూర్చుండినచో, టెక్సాసులోనున్న కూతురు తన పొయ్యియొద్ద నిలిచి పులుసులో బెల్లమెంత వేయవలెనో అడుగుచున్నది. మనకు రాత్రి, ఆమెకు ఉదయము. వేసవిలో పదిన్నర గంటలు, చలికాలమున పదునొకండున్నర గంటలు తేడా. అంత దూరము అరచేతిలోనికి వచ్చినది.

మా ప్రాంతమున ఈ దృశ్యము నిత్యము కనబడును. హైదరాబాదునుండి పడమరగా పోవు 65వ జాతీయ రహదారి వెంబడి రామచంద్రాపురము, పటాన్‌చెరు, ఇస్నాపూరు, కంది, సంగారెడ్డి యున్నవి. రామచంద్రాపురమున ప్రభుత్వపు విద్యుద్యంత్రముల కర్మాగారము కలదు. పటాన్‌చెరుయందు ఔషధముల కర్మాగారములును, 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనాలయమును కలవు. 2008లో ఆరంభమైన ఐ.ఐ.టి. ఇప్పుడు కందియందున్నది. ఇచ్చటి తండ్రులు యంత్రములయొద్ద పనిచేసిరి. వారి బిడ్డలలో అనేకులు చదువుకొని సముద్రములు దాటిరి.

ఫోనులో ముఖము కనబడుచున్నంత మాత్రమున బిడ్డ మనస్సు కనబడునా? "బాగున్నానమ్మా" యను మాట వెనుక ఏమున్నదో మనము విచారింపవలదా? పరదేశవాసము పైకి కనబడునంత సులభము కాదు. ఈ సంగతి నేటిది కాదు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను నగరము చేరిరి. ఫాలిక్ ఆమ్లము మొదలగు ఔషధముల పరిశోధనకు నాయకత్వము వహించి, లోకమునకెంతో ఉపకారము చేసిరి. నేడు పటాన్‌చెరు కర్మాగారములు పెంచుచున్న ఔషధవిద్యకు ఆయన పెద్దదిక్కువంటివారు. కాని ఆయన భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిపోయిరి. వారి కుమారుడు శైశవముననే మరణించెను. 1948లో సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూయువరకు, ఇరువదియైదేండ్లలో ఒక్కసారియైనను ఆ దంపతులు మరల కలిసికొనలేదు. ఆయన చేరిన 1923వ సంవత్సరముననే అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, హిందూదేశస్థులు ఆ దేశపు పౌరులగుటకు అర్హులు కారని తీర్పు చెప్పెను. 1946లో గాని ఆ నిషేధము తొలగలేదు. తొలగిన పిమ్మటను ఏడాదికి 100 మందికే ప్రవేశము. 1965లో చట్టము మారిన తరువాతనే ఆ తలుపులు నిజముగా తెరువబడెను. పరదేశమున మన బిడ్డలకు చోటు కలదా లేదా యనునది వారి విద్య, వినయములపైననే కాక, ఆ దేశపు రాజకీయములపై గూడ ఆధారపడియుండునని దీనివలన తెలియుచున్నది.

శేషగిరిగారి దుఃఖము జాబులలోనే అణగిపోయెను. మన కాలపు యువతి యొకతె తన దుఃఖమును లోకమంతయు చదువునట్లు వ్రాసెను. ఆమె కథ ప్రతి తల్లియు తెలిసికొనదగినది.

2017 ఫిబ్రవరి 22వ తేదీ రాత్రి, కాన్సాసు రాష్ట్రమునందలి ఒలేతా పట్టణమున, కూచిభొట్ల శ్రీనివాసు అను 32 ఏండ్ల ఇంజనీరు పని ముగించుకొని, మిత్రుడు మాదసాని అలోకుతో ఒక పానీయశాలలో కూర్చుండియుండెను. ఒకడు వారిని దూషించి, తన దేశమునుండి వెడలిపొండని యరచి, తుపాకితో కాల్చెను. శ్రీనివాసు మరణించెను; అలోకు గాయపడెను. ఇయాన్ గ్రిలట్ అను 24 ఏండ్ల అమెరికా యువకుడు, వీరితో ఏ పరిచయమును లేకున్నను, హంతకుని అడ్డుకొనబోయి తానును గుండు దెబ్బ తినెను. హంతకునకు 2018లో యావజ్జీవ శిక్ష పడెను.

శ్రీనివాసు భార్య దుమాల సునయన కొలది దినములలో ఫేస్‌బుక్కునందు తన మనోవేదనను వ్రాసెను. తన భర్త ఆ దేశమునెంతగా ప్రేమించెనో చెప్పి, వలసవచ్చిన ప్రతివాని గుండెలోనున్న ప్రశ్ననే ఆమె అడిగెను: మేమిచ్చటివారమేనా? ఆ చిన్న ప్రశ్న ఎన్నియో దేశములలో ఎందరినో కదలించెను. ఇందొక విషమము కూడ కలదు. ఆమె అచ్చట నుండుటకు హక్కు భర్త ఉద్యోగమును ఆశ్రయించియుండెను. భర్త మరణించిన రాత్రియే ఆ హక్కును ఆమె కోల్పోయెను. ఉద్యోగమున్నను, ఇల్లున్నను, మరల అచ్చట నిలుచుటకు ఒక శాసనసభ్యుని సహాయము కావలసివచ్చెను.

భర్తతో విదేశమునకు పోవు మన యువతులలో అనేకులకు ఇదే స్థితి. హెచ్-4 అను వీసాపై పోయిన ఇల్లాలు ఎంత చదివినను, 2015 వరకు అచ్చట ఉద్యోగము చేయుటకు అనుమతి లేదు. ఆ యేట కొందరికి మాత్రము అనుమతి లభించెను. కూతురిని పంపునపుడు వరుని జీతమెంతయని విచారించు మనము, "అచ్చట మా బిడ్డకు స్వంతముగా నిలుచు హక్కు కలదా?" యని గూడ విచారింపవలదా?

సునయన పగ పెంచుకొనలేదు. తిరిగి కాన్సాసునకే పోయి, "ఫరెవర్ వెల్కమ్" అను సంస్థను నెలకొల్పి, వలసవచ్చినవారును స్థానికులును ఒకరినొకరు తెలిసికొనవలెనని పాటుపడుచున్నది. విద్వేషము అజ్ఞానమునుండి పుట్టినచో, దానికి మందు పరిచయమే యని ఆమె ప్రవర్తన తెలుపుచున్నది.

ఇక పరదేశమందలి మన బిడ్డలు ఫోనులో రాజకీయములను గూర్చి ఏల అంతగా వాదింతురో విచారింతము. వారిలో అనేకులకు తాము నివసించు దేశమున పౌరులగువరకు వోటు లేదు. మన దేశపు పౌరులుగానే యున్నచో 2010లో సవరింపబడిన చట్టము వారికి వోటిచ్చినది. కాని స్వయముగా వచ్చి తమ గ్రామపు కేంద్రమునందే వేయవలెను. ఒక్క వోటునకై అంతదూరము వచ్చువారెందరు? ఆ దేశపు పౌరసత్వము పుచ్చుకొనినచో మన పౌరసత్వము పోవును. దానికి బదులుగా లభించు ఓ.సి.ఐ. పత్రముతో రాకపోకలు సాగును గాని వోటు లేదు. ఇట్లు నోరున్నది, వోటు లేదు. ఆ కొరత వారి చేత రాత్రింబవళ్లు వ్రాయించుచున్నది. ఇంట తండ్రియొక పక్షము, అచ్చట కుమారుడొక పక్షము. పండుగనాటి పలుకరింపును గూడ ఎన్నికల తగవు మింగివేయుచున్నది. అట్టివేళ తల్లియే మధ్య నిలిచి, "నాయనా, ముందు భోజనము చేసితివా?" యని అడుగవలెను. అది వాదమునుండి పారిపోవుట కాదు. బంధము వాదముకంటె పెద్దదని గుర్తుచేయుట.

ఫోను మరియొక పని కూడ చేయుచున్నది. దూరమైనవారిని దగ్గర చేసినట్లే, దగ్గరనున్నవారిని పరాయివారిని చేయుచున్నది. 2018లో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతులు వాట్సాప్ ద్వారా దేశమున అనేకచోట్ల వ్యాపించెను. ఆ యేడు జులై 13వ తేదీన, మా జిల్లా పొరుగుననే యున్న కర్ణాటకములోని బీదరు జిల్లా ముర్కి గ్రామమున, హైదరాబాదునుండి పోయిన యువకులను జనులు చుట్టుముట్టి కొట్టిరి. వారిలో ఖతరు దేశమునుండి వచ్చిన అతిథి యొకడు పిల్లలకు చాక్లెట్లు పంచెను. అదియే వారి నేరమయ్యెను! ఒక యువకుడు ప్రాణములు కోల్పోయెను. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదింటికి మించి పంపకుండ కట్టడి చేసెను. కట్టడి యంత్రమునకు కలిగినది. మన వ్రేలికి కలిగినదా? "పిల్లలు జాగ్రత్త" యని ప్రేమతోనే ఎందరో తల్లులు ఆ వదంతులను నమ్మియుందురు. కాన్సాసులో తుపాకి చేసిన పనినే ఇచ్చట వదంతి చేసెను. రెండుచోట్లను ప్రశ్న యొకటియే: నీవిచ్చటివాడవా?

ఈ ప్రశ్న మన గుమ్మము ముందరనే కలదు. ఇస్నాపూరు, పాశమైలారములలో వేకువనే నిలుచుండి చూచినచో, టిఫిను డబ్బాలు చేతబట్టి కర్మాగారములకు పోవు కార్మికులు కనబడుదురు. ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, జార్ఖండులనుండి వచ్చినవారు వారిలో ఎందరో కలరు. చిన్న గదులలో నలుగురైదుగురు చేరి నివసింతురు. వారికి ఇదియే పరదేశము. మన భాష వారికి రాదు, వారి పండుగలు మనకు తెలియవు.

మా వీధిలో ఒక పెద్దమ్మగారు కలరు. కూతురు అమెరికాలో నున్నది. మేడమీది గదిని ఒడియా కార్మికునకు అద్దెకిచ్చిరి. రాత్రివేళ అతడు మెట్లమీద కూర్చుండి ఫోనులో మాటలాడుట ఆమెకు విసుగుగా నుండెడిది. ఒకనాడు, "ఏమయ్యా, ఇంత రాత్రి ఎవరితో మాటలు?" అని గద్దించిరి. అతడు లేచి నిలుచుండి, వచ్చీరాని తెలుగున, "మా పాపమ్మా. నన్ను చూడక నిద్రపోదు" అని ఫోనును ఆమెవైపు త్రిప్పెను. దీపపు వెలుతురున రెండేండ్ల పసిపిల్ల చేయి ఊపెను. పెద్దమ్మగారు మరునాడు నాతో, "నా మనుమరాలును అట్లే చేయి ఊపునే! ఆరునెలలుగా అతని పేరైనను అడుగనైతిని" అని కంటనీరు పెట్టుకొనిరి.

2025 జూన్ 30వ తేదీ ఉదయము పాశమైలారములోని ఒక కర్మాగారమున ఘోరమైన ప్రేలుడు సంభవించెను. 40 మందికి పైగా మరణించిరి. వారిలో పలువురు ఇతర రాష్ట్రములనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు. కొందరి దేహములను గుర్తుపట్టుటయే అసాధ్యమై, బంధువుల రక్తముతో పోల్చి చూచు డి.ఎన్.ఏ. పరీక్షలు చేయవలసివచ్చెను. ఆ దినమున ఎన్ని దూరగ్రామములలో ఎందరు తల్లులు, భార్యలు బదులురాని ఫోనులను మరల మరల మ్రోగించిరో! ఒలేతా వార్త విన్నపుడు మన గుండెలెట్లు కొట్టుకొనినవో, ఆ ఇండ్లలోని గుండెలును అట్లే కొట్టుకొనినవి.

కావున సోదరీమణులారా, పరదేశమున మన బిడ్డలకు ఆదరము కోరు హక్కు మనకున్నచో, మన గుమ్మములోనున్న పరదేశిని ఆదరించు విధియు మనకున్నది. ఇది గొప్ప వ్యయముతో కూడిన పని కాదు. అద్దెకున్నవాని పేరు, ఊరు, ఇంటివారి ఫోను నంబరు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆపద వచ్చినపుడు ఆ యొక్క పంక్తియే ఒక తల్లికి ఆధారమగును. "ఒకే దేశము, ఒకే రేషను కార్డు" పథకము 2022 నాటికి అన్ని రాష్ట్రములకును వ్యాపించినది. తన ఊరి కార్డుతోనే ఇచ్చటి దుకాణమున కేంద్రప్రభుత్వపు బియ్యము పొందవచ్చునని అతనికి తెలుపవచ్చును. అపరిచితునిగూర్చి భయపెట్టు సందేశము వచ్చినపుడు, నిజము తెలియనిదే ఇతరులకు పంపకుండుట కూడ ధర్మమే. మన బిడ్డతో మాటలాడునపుడు "జీతము పెరిగినదా?" యని మాత్రమే కాక, "నీకచ్చట ఎవరైన తోడున్నారా?" యని గూడ అడుగవలెను.

నిన్న రాత్రి పెద్దమ్మగారి యింటిముందుగా నడచుచు చూచితిని. క్రింద ఆమె ఫోను, మెట్లమీద అతని ఫోను వెలుగుచున్నవి. అటు అమెరికాలోని మనుమరాలు, ఇటు ఒడిశాలోని పాప. ఆమె అతనిని పిలిచి, గిన్నెలో పులిహోర పెట్టి యిచ్చి, "మీ పాపకు చూపు నాయనా, నీవు భోజనము చేసితివని" అనిరి.

కాన్సాసులో సునయన అడిగిన ప్రశ్నకు ప్రభుత్వములు చట్టములతో బదులు చెప్పును. మా వీధిలో ఆ రాత్రి దానికి బదులు చెప్పినది ఒక ఇల్లాలు.