చీటీ మీద ఊరి పేరు

పిల్లలూ! బదిలీల మీద తిరిగే మనలాంటి కుటుంబాలను ఎక్కడికి వెళ్లినా "మీది ఏ ఊరు?" అని అడుగుతారు. ఒక గుడ్లగూబ విషయంలో ఈ ప్రశ్నకు ఎవరో అబద్ధపు జవాబు రాశారు. దానివల్ల ఏం జరిగిందో తెలుసుకుందాం.

ఆ పక్షి పేరు ఫారెస్ట్ ఔలెట్. పొడవు సుమారు 23 సెంటీమీటర్లు, అంటే మన స్కేలు కన్నా తక్కువే. 1872లో బ్లెవిట్ అనే ఆయనకు ఇది మొదటిసారి దొరికింది మన ఛత్తీస్‌గఢ్‌లోనే, ఇప్పటి మహాసముంద్ జిల్లా బస్నా ప్రాంతంలో. దుర్గ్ నుంచి రాయ్‌పూర్ మీదుగా తూర్పుకు వెళ్లే జాతీయ రహదారి మీదే బస్నా ఉంది. మరుసటి ఏడాది ఎ.ఓ. హ్యూమ్ దానికి శాస్త్రీయ నామం పెట్టారు. తర్వాత కాంగ్రెస్ స్థాపనలో ముఖ్యుడైన హ్యూమ్ ఆయనే.

1884 తర్వాత ఆ పక్షి జాడ లేదు. మ్యూజియాల బీరువాల్లో దూది కూరిన ఏడు పక్షులు మాత్రం మిగిలాయి. అలా దాచిన ప్రతి పక్షి కాలికీ ఒక చీటీ కడతారు. ఎవరు పట్టారు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలు అందులో ఉంటాయి. ఒక చీటీలో మాత్రం "1914, మాండ్వి, గుజరాత్" అని ఉంది. రాసినవాడు మైనర్ట్‌జాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి.

అది అబద్ధం! బ్రిటిష్ మ్యూజియంలోని పాత పక్షినే దొంగిలించి, విప్పి మళ్లీ కుట్టి, కొత్త చీటీ కట్టాడు. ఆ చీటీ వెదికేవాళ్లను దారి తప్పించింది. అమెరికా శాస్త్రవేత్త పమేలా రాస్ముస్సెన్ దాన్ని పక్కన పెట్టి, నిజమైన చీటీలను నమ్ముకున్నారు. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర, ఆకులు లేని కొమ్మ మీద, పట్టపగలు ఆ పక్షి ఆమె బృందానికి కనిపించింది. 113 ఏళ్ల తర్వాత!

అది పగలే వేటాడుతుందని, తోకను అటూ ఇటూ ఆడిస్తుందని బతికున్న పక్షిని చూశాకే తెలిసింది. బీరువాలోని పక్షి ఆ సంగతులు చెప్పలేదు. కానీ ఎక్కడ వెదకాలో చెప్పింది మాత్రం దాని కాలికి కట్టిన నిజమైన చీటీయే. అడవులు తరిగిపోవడంతో ఈ పక్షి నేటికీ ప్రమాదంలోనే ఉంది.

రెండు మూడేళ్లలో మనం ఈ ఊరు కూడా వదిలి వెళ్తాం. ఈలోగా ఏ పక్షి కనిపించినా నోటుపుస్తకంలో దాని పేరు, ఊరు, తేదీ రాసి పెడదాం. పేరు తెలియకపోతే ఎలా ఉందో రాద్దాం. చూడనిది మాత్రం రాయొద్దు.