మణికట్టు చెప్పే వయసు

మొయినాబాదు దగ్గర అజీజ్‌నగర్‌లో డెక్కన్ ఎరీనా అనే ఫుట్‌బాల్ మైదానం ఉంది. శ్రీనిధి డెక్కన్ జట్టు తన ఐ-లీగ్ మ్యాచ్‌లు అక్కడ ఆడింది. అలాంటి మైదానం దగ్గరలో ఉంటే పిల్లలకు ఆట మీద మనసు పోవడం సహజం. పిల్లవాడితోపాటు తండ్రికీ ఆశ పుడుతుంది. వయసు ఒకటి రెండేళ్ళు తగ్గించి సర్టిఫికెట్ తెస్తే చిన్నవాళ్ళ జట్టులో సులువుగా చోటు దొరుకుతుంది కదా అని! నేను ప్రభుత్వ డాక్టర్ని గనుక ఈ కోరిక నాకు కొత్త కాదు. ఎంత బతిమాలినా రాసివ్వను. కారణం చెబుతాను.

2017 అక్టోబరులో 17 ఏళ్ళలోపు బాలుర ప్రపంచకప్పు మన దేశంలో జరిగింది. 24 జట్లు ఆడాయి. కోల్‌కతాలో జరిగిన ఫైనల్లో ఇంగ్లండు స్పెయిన్‌ను 5–2తో ఓడించింది. ఈ పోటీల్లో కాగితం ఒక్కటీ చెల్లదు. 2009 నుంచి మణికట్టుకు ఎమ్మారై తీస్తున్నారు.

మోచేతి నుంచి బొటనవేలి వైపుగా వచ్చే ఎముక చివర, పెరిగే వయసులో ఒక మెత్తని పొర ఉంటుంది. ఎముక పొడవయ్యేది అక్కడే. ఎదుగుదల పూర్తవగానే అది గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. పూర్తిగా కలిసిపోయి కనబడితే కుర్రవాడు పదిహేడు దాటినట్టే అనుకోవచ్చు. కలవనంత మాత్రాన పదిహేడు లోపేనని మాత్రం చెప్పలేం, కొందరిలో ఆలస్యమవుతుంది. ఆడపిల్లల్లో ముందే కలుస్తుంది కాబట్టి వారికి ఈ కొలత పనికిరాదు.

ఇక అసలు సంగతి. ఈ పొర ఎముకకంటే బలహీనమైనది. మీసాలొచ్చిన పద్దెనిమిదేళ్ళవాడు పధ్నాలుగేళ్ళ పిల్లవాడిని గుద్దుకుంటే, పెద్దవాడు దులుపుకొని లేస్తాడు. చిన్నవాడికి ఆ పొర దగ్గరే విరగవచ్చు. సరిగా అతక్కపోతే కాలో చెయ్యో వంకరగానో పొట్టిగానో ఉండిపోతుంది. మీరు తగ్గించిన రెండేళ్ళకు మూల్యం చెల్లించేది ఎవరి బిడ్డో ఆలోచించండి.

మీ పిల్లవాడు నిజంగానే చిన్నవాడైతే మోకాలి కింద ముందువైపు ఎముక ఉబ్బి నొప్పి పెడుతోందేమో గమనించండి. పది నుంచి పదిహేనేళ్ళ మధ్య, ఒక్కసారిగా పొడుగయ్యేటప్పుడు, ఎక్కువ ఆడే పిల్లల్లో ఇది మామూలే. వాతమని నాటుమందు పట్టీలు కట్టించవద్దు. ఆట తగ్గించి, మంచుముక్కలు గుడ్డలో చుట్టి పావుగంటసేపు కాపడం పెడితే క్రమంగా తగ్గుతుంది. రాత్రివేళ నిద్రలేపే నొప్పి, జ్వరం, ఒక కాలు మాత్రమే వాయడం కనిపిస్తే జాగు చేయకుండా డాక్టరుకు చూపించండి.

తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, వాంతి అయినా, తికమకగా మాట్లాడినా, గోల్ వేయవలసిన వాడైనా సరే, ఆ రోజు మళ్ళీ మైదానంలోకి పంపకండి. ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అక్కడ వయసు అడిగితే అసలుదే చెప్పండి. మందు మోతాదు, ఎక్స్-రే చదివే తీరు దాని మీద ఆధారపడతాయి.